మా యింటి హెలికాప్టరు

పత్రిక తెఱచిన సోదరీమణులలో కొందఱు ఈ శీర్షికను చూచి పుట త్రిప్పివేయుదురేమో యని నాకు సంశయముగా నున్నది. ఊరగాయలను గూర్చియు, కుట్టుపనిని గూర్చియు, బాలింతల పథ్యమును గూర్చియు వ్రాయవలసిన చోట హెలికాప్టరు ప్రసంగ మేల యని వారు తలంపవచ్చును. అయినను నేడు పట్టణములలో పుట్టినరోజు పండుగ జరుగు ఇంటికి ఏదో యొక యెగురు బొమ్మ రాక మానదు. దానిని కొని తెచ్చువారు మగవారు, ఎగురవేయువారు పిల్లలు, అది గోడకు కొట్టుకొని విఱిగినప్పుడు ముక్కలు ఏఱువారమును, పిల్లవాని వ్రేలు తెగినప్పుడు గుడ్డ చుట్టువారమును మనము. కాబట్టి దాని గుణదోషములను మొట్టమొదట తెలిసికొనవలసినవారమును మనమే యని నా యభిప్రాయము.

నేను యంత్రశాస్త్రము చదివినదానను గాను. కళాశాలలో తెలుగు చదివితిని. ఆ పిదప నాకు తెలిసిన యంత్రములు కుట్టుమిషనును, మిక్సీయును మాత్రమే. గడచిన రెండేండ్లుగా పిల్లలతో పాటు నేలపై కూర్చుండి, చేతితో పట్టి చూచి, అడిగి, చదివి తెలిసికొన్న సంగతులనే యిక్కడ వ్రాయుచున్నాను.

ఇట్టి బొమ్మలు చదువు చెడగొట్టు వ్యసనములని తేలికగా త్రోసివేయు తల్లులు రెండు కథలు వినవలెను. 1878లో అమెరికా దేశమున మిల్టన్ రైటు అను మతాచార్యుడు ప్రయాణమునుండి మరలివచ్చుచు కుమారులకొక బొమ్మను తెచ్చి యిచ్చెను. కాగితము, వెదురు, బెండు కలిపి చేసి రబ్బరుపట్టెతో త్రిప్పెడి చిన్న హెలికాప్టరు అది. ఫ్రాన్సు దేశస్థుడగు ఆల్ఫోన్స్ పెనో కల్పించిన నమూనా. అది విఱుగువఱకు ఆడుకొని, విఱిగిన పిదప అట్టివానిని తామే చేసికొన్న ఆ బాలురే విల్బరు, ఆర్విల్లు. వారే 1903లో విమానమున నెగిరిన రైటు సోదరులు. వారికి చేతిపని యబ్బినది తల్లి వలన నని చెప్పుదురు. సుసాను రైటు ఇంటికి కావలసిన చిన్న చిన్న పరికరములను, పిల్లల ఆటవస్తువులను తానే చేయగల నేర్పరి. ఇక రెండవ కథ ఇగోర్ సికోర్స్కీది. ఆయన 1889లో కీవ్ నగరమున పుట్టెను. ఆయన తల్లి వైద్యము చదివియు వృత్తి చేయక, ఇంటనే కుమారునికి చదువు చెప్పుచు, లియొనార్డో డా విన్చీ జీవితమును జూల్స్ వెర్న్ కథలను వినిపించుచుండెడిది. పండ్రెండేండ్ల ప్రాయముననే ఆ బాలుడు రబ్బరుపట్టెతో నెగురు చిన్న హెలికాప్టరు నొకదానిని చేసెను. తరువాత అమెరికా చేరి, 1939లో తాను నిర్మించిన వి.ఎస్. 300 అను హెలికాప్టరును తానే నడిపి నేల విడిచి లేపెను.

ఈ కథలలో నా మనసునకు హత్తుకొన్న విషయ మొకటి కలదు. ఆ బొమ్మలు రెండును పిల్లవాని చేతిలో ఇముడునంత చిన్నవి. చేయి జాఱినను ఎవరి కన్నును పోదు. నేను చెప్పబోవునది అంతయు ఈ చిన్నతనమును గూర్చియే.

మాది కాకినాడ. మాకు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అమ్మాయి పెద్దది. మా మరిది పదియేండ్లుగా అమెరికాలో నున్నాడు. ఆయనకు రేడియోతో నడుపు హెలికాప్టర్లన్న ప్రాణము. రెండేండ్ల క్రిందట సెలవులకు వచ్చుచు పెట్టెలో భద్రముగా పొదిగిన పెద్ద హెలికాప్టరు నొకదానిని తెచ్చెను. దానిని 450 తరగతి యందురట. రెక్క యొక్కొక్కటి 325 మిల్లీమీటర్ల పొడవు. రెండును కలిసి తిరిగినప్పుడు ఏర్పడు చక్రము అడ్డుకొలత 70 సెంటీమీటర్లకు పైమాట. నల్లని కార్బను రెక్కలు కత్తుల వలె నిగనిగలాడుచుండెను. మావాడు దానిని చూచి ఊపిరి పీల్చుట మఱచినాడు.

"వదినా, ఇది మన చిన్నాడికే తెచ్చాను. రేపు పొద్దున్నే మైదానానికి తీసుకెడతాను. చిన్న చిన్న బొమ్మలతో మొదలెడితే చేతికి పని రాదు. పెద్దదైతే గాలికి నిలకడగా ఉంటుంది" అని మరిది ఉత్సాహముగా చెప్పెను.

నేను వెంటనే కాదనలేదు. "నాయనా, ఈ రెక్క నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని యడిగితిని. "ఒక 2,800 చుట్లు తిరుగుతుంది" అనెను. నాకు యంత్రములు తెలియకపోయినను కూడికలు గుణకారములు తెలియును. 70 సెంటీమీటర్ల చక్రము ఒక్క చుట్టు తిరిగిన రెక్క కొన సుమారు 2.2 మీటర్లు పోవును. నిమిషమునకు 2,800 చుట్లనగా ఆఱు కిలోమీటర్లకు మించినది. గంటకు లెక్క కట్టిన 370 కిలోమీటర్లకు దగ్గఱ. రైలు కంటె ఎన్నోరెట్లు వేగముగా పోవు కత్తిని పదకొండేండ్ల పిల్లవాని యెదుట త్రిప్పుటయా!

అప్పుడు నా దృష్టి మరిది కుడిచేతి చూపుడువ్రేలిపై పడెను. దానిపై తెల్లని మచ్చ యొకటి కలదు. ఆయన పెండ్లినాటికి ఆ మచ్చ లేదు. "ఇదేమిటి?" అంటిని. మరిది చేయి వెనుకకు తీసికొని, కొంచెము సేపూరకుండి, "మొదటి ఏడాదిలో తగిలింది వదినా. నేల మీదే ఉంది గదా అని వంగాను" అనెను. పిమ్మట తానే మఱియొక సంగతి చెప్పెను. 2013 సెప్టెంబరులో న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ భాగమునందలి ఒక ఉద్యానములో పందొమ్మిదేండ్ల యువకుడు తన పెద్ద హెలికాప్టరును ఎగురవేయుచుండగా దాని రెక్క తలకు తగిలి అక్కడికక్కడే ప్రాణములు విడిచెనట. ఆ యువకుడు క్రొత్తవాడు గాడు. ఆ విద్యయందు ఆరితేరినవాడే.

ఆ మాట విన్న పిదప నేను పెట్టెను మూసి బీరువాపై నెక్కించితిని. మరిది రెండు దినములు నాతో ముభావముగా నుండెను. పిల్లవాడు రాత్రి అన్నము మానెను. "అంత దూరం నించి వాడు మోసుకొచ్చింది అటక మీద పెడతావా?" అని అత్తగారు నొచ్చుకొనిరి. మావారు పత్రిక చాటున ముఖము దాచుకొనిరి. నేను మాత్రము పట్టు విడువలేదు. మూడవనాటి సాయంకాలము మరిదికి కాఫీ యిచ్చుచు, "నువ్వు తెచ్చింది వద్దని కాదు. అది దించే రోజు వస్తుంది. అంతవరకు పిల్లలకి మెట్టు మెట్టుగా నేర్పవలసింది నువ్వే. అందరికంటె చిన్నది ఏదో చెప్పు" అంటిని. ఆయన నవ్వెను. ఆ రాత్రియే పిల్లల నిద్దఱను వెంటబెట్టుకొని బజారునకు పోయి అఱచేతిలో పట్టునట్టి దాని నొకదానిని కొనితెచ్చెను. దాని బరువు 40 గ్రాములు. మావాడు తక్కెడలో వేసి చూచెను.

చిన్నది క్షేమమగుటకు కారణము చెప్పెదను. చీమ మేడపైనుండి పడినను లేచి తన దారిని పోవును. ఏనుగు తన యెత్తునుండి పడినను కాలు విఱుగును. తేలికైన హెలికాప్టరు పదిసార్లు నేలపై పడినను పెక్కుసార్లు ఏమియు కాదు. దాని మెత్తని ప్లాస్టికు రెక్క వ్రేలికి తగిలిన చురుక్కుమనును గాని తెగదు. కంటికి మాత్రము అదియు అపాయమే. ఆ సంగతి ముందు చెప్పెదను. పెద్దది గాలిలో నిలకడగా నుండునన్న మా మరిది మాట నిజమే. కాని యంత్రము యొక్క నిలకడ నడుపువాని చేయి నిలకడ పొందిన పిమ్మటనే అక్కఱకు వచ్చును.

ఇక అంగడిలో కనబడు రకములు. మీ యింటి కప్పునుండి వ్రేలాడు పంకాను తలంచుకొనుడు. దాని మోటారు రెక్కలను ఒక దిక్కునకు త్రోయుచు, తాను ఎదురు దిక్కునకు తిరుగజూచును. కప్పునకు గట్టిగా బిగించి యుండుటచే తిరుగలేకున్నది. ఆకాశములోని హెలికాప్టరునకు పట్టుకొనుటకు కప్పు లేదు. కావున దాని పైరెక్క ఒక ప్రక్కకు తిరిగినకొలది క్రింది శరీరము రెండవ ప్రక్కకు గిఱ్ఱున తిరుగబోవును. ఆ తిరుగుడు నాపుటకే నిజమైన హెలికాప్టర్ల తోకకు చిన్న రెక్కలు పెట్టుదురు. క్రొత్తవారికి తగిన బొమ్మలలో మఱియొక ఉపాయము కలదు. ఒకే కడ్డీపై ఒకదానిపై నొకటిగా రెండు జతల రెక్కలుండి, పై జత ఒక దిక్కునకు, క్రింది జత దానికి ఎదురుగాను తిరుగును. ఒకదాని యీడ్పు నింకొకటి చెల్లగొట్టుటచేత శరీరము నిశ్చలముగా నుండును. దీనిని కోయాక్సియలు రకమందురు. మీట వదలినను అది చాలవఱకు తానే సర్దుకొని నిలుచును. మొదటి హెలికాప్టరు ఇదియే కావలెను. ఇందు సందేహము లేదు.

రెండవ రకమునకు పైన ఒకే జత రెక్కలు, తోకకు చిన్న రెక్క. రెక్కల వాలు మాఱదు. పైకి లేవవలెనన్న వేగము పెంచవలెను, దిగవలెనన్న తగ్గించవలెను. కోయాక్సియలు చేతికి లొంగిన పిదప ఇది తగును. మూడవ రకమున రెక్కల వేగము దాదాపు మాఱదు; వాని వాలు మాఱును. మీట కదలినంతనే పైకిని క్రిందికిని దూకును; తలక్రిందులుగా కూడ నెగురును. మా బీరువాపై నున్నది ఈ రకమే. దీనియందలి అపాయ మేమనగా, నేలపై కదలక యున్నప్పుడు సైతము రెక్కలు నిండు వేగముతో తిరుగుచునే యుండును. మా మరిది వ్రేలికి మచ్చ తెచ్చినది ఈ నిశ్చలత్వమే.

కొనునప్పుడు అంగడివాడు రంగును, దీపములను చూపును. మనము అడుగవలసినవి వేఱు. మొదటిది, దీనికి విడి రెక్కలు, తోక, పండ్లచక్రములు దొరకునా? దొరకని యెడల మొదటి దెబ్బతో బొమ్మ చెత్తబుట్ట పాలగును. రెండవది, ఇది నడచునది పరారుణ కిరణములతోనా, రేడియోతోనా? పరారుణమైనచో టీ.వీ. రిమోటు వలెనే, ఎండ తగిలిన చోట మాట వినదు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో కలదానికి ఆ చిక్కు లేదు. ప్రక్కింటివాని రిమోటుతో కలగాపులగమును కాదు. మూడవది, చేతిలోని మీట లెన్ని పనులు చేయును? మూడు పనులవి పైకి క్రిందికి, ముందుకు వెనుకకు పోవును, ముఖము త్రిప్పును. నాలుగు పనులవి ప్రక్కలకు కూడ జరుగును. మావారు మూడింటిదే చాలునన్నారు. నా యనుభవమున నాలుగింటిదే మేలు. ఏలయనగా ప్రక్కకు జరుపుట నేర్వని చేయి తరువాతి మెట్టున మరల అక్షరాభ్యాసము చేయవలసివచ్చును. పెట్టెపై వయస్సు వ్రాసియుండును, చదువుడు. 14 ఏండ్లని యున్నచో అంతకంటె చిన్నవారు పెద్దల ప్రక్కననే నడుపవలెను.

మా ముందుగది ఎగురు మైదానమైనది. సోఫాను గోడకు చేర్చి, బల్లపై గాజుసామాను తీసివేసి, తెరలు పైకి ముడివేసి, పంకా ఆపి, కుక్కపిల్లను పెరటిలో కట్టి మొదలిడితిమి. కాకినాడ వేసవిలో పంకా లేకుండ పావుగంట యనిన తపస్సే. ఆ పావుగంట చాలును. బ్యాటరీ కూడ ఆఱేడు నిమిషములకంటె రాదు. గోడ దగ్గఱ ఎగురవేయకూడదు. హెలికాప్టరు తన రెక్కలతో తానే క్రిందికి త్రోసిన గాలి గోడకు తగిలి మరలివచ్చి దానిని గుంజును. నట్టింట నడుమనే క్షేమము.

స్త్రీలకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి యున్నది. పెట్టెలోని చిన్న పుస్తకములో అది కనబడదు. జడను ముడి వేసికొనవలెను. పమిటకొంగును, ఓణీని బొడ్డున దోపుకొనవలెను. వ్రేలాడు వెండ్రుక గాని, పలుచని గుడ్డ గాని రెక్కల మొదట చుట్టుకొన్న విడదీయుట బ్రహ్మప్రళయము. కంటికి అద్దములు లేనివారు ఎండలో పెట్టుకొను తేలికపాటి కళ్లజోడైనను, ఇంటిలో తెల్లనిదానిని, పెట్టుకొనవలెను. మొదటి నెల మోకాలి యెత్తునకు మించి లేపరాదని మా యింట శాసనము. పిల్లవాని కన్ను ఏ యెత్తున నుండునో ఆ యెత్తునకు రెక్కలు పోరాదు. ఎగురవేయువాడు దాని వెనుకనే నిలువవలెను. చూచువారు అతని వెనుక నిలువవలెను. ఎదుట ఎవ్వరును ఉండరాదు.

ఆరంభించుటకును ఒక వరుస కలదు. మీటను అడుగంట దించి, చేతిలోని రిమోటును ముందు వెలిగించి, ఆ తరువాతనే హెలికాప్టరును వెలిగించవలెను. ముగించునప్పుడు హెలికాప్టరు ముందు, రిమోటు తరువాత. యజమాని లేని యింట పనివాండ్రు ఇష్టము వచ్చినట్లు తిరుగునట్లు, రిమోటు లేని యంత్రము ఎటు పోవునో చెప్పలేము. రెక్కలు పూర్తిగా ఆగినగాని చేయి వేయరాదు.

మొదటి పాఠము ఎగురుట కాదు, నిలుచుట. ఒక్క చోట, మోకాలి యెత్తున, తోక మనవైపు పెట్టి కదలక నిలుపుట. చెప్పినంత సులభము కాదు. అది ఎడమకు జరుగుచున్నదని కుడికి త్రోసిన, ఆ త్రోపు ఎక్కువై కుడికి పరుగెత్తును. జరిగిన పిదప దిద్దుట కాదు, జరుగబోవుచుండగానే కొంచెము కొంచెముగా దిద్దుట నేర్వవలెను. పాలు పొంగిన పిదప మంట తగ్గించు కోడలికిని, పొంగు వచ్చుచుండగానే తగ్గించు అత్తకును గల భేదమే యిది. మీరేమియు చేయకున్నను ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు జరుగుచున్నచో, రిమోటుపై నుండు చిన్న సవరణ మీటలతో సరిచేసికొనవచ్చును.

భయపడిన చేయి ఒక చిత్రమైన పని చేయును. గోడ దగ్గఱకు వచ్చినదనగానే మీటను పైకి త్రోయును. హెలికాప్టరు లేచి కప్పునకు కొట్టుకొని, మఱింత గట్టిగా క్రింద పడును. మా చిన్నవాడు మొదటి వారమున ఇట్లే మూడు రెక్కలు విఱిచెను. ఒకసారి తాతగారి పటము వెనుక దూరి రెండు నిమిషములు గిఱ్ఱుమనుచు వ్రేలాడినది. "దేనికైనా తగిలిందో, ముందు మీట కిందికి. మిగతా ఆలోచన తరవాత" అని మరిది నూఱుసార్లు చెప్పెను. రెక్క చిక్కుకొని తిరుగలేనప్పుడు మీట పైకి యున్నచో మోటారు కాలును, పండ్లచక్రములు అఱుగును.

అత్తగారు మొదట విముఖముగా నుండిరి గదా. నాలుగవనాటికి ఆవిడ కుర్చీ వేయించుకొని, జపమాల చేత పట్టుకొని పిల్లల వెనుక కూర్చుండిరి. గడియారము చూడక, హెలికాప్టరు నేల విడిచినది మొదలు రామనామమునకొక పూస త్రిప్పి, అది నేల తాకగానే లెక్క చెప్పుట వారి యుద్యోగము. "పదకొండు పూసలే! మళ్లీ" అని గద్దించుచుండెడివారు. మా మరిది తిరిగి అమెరికా పోవునాటికి అబ్బాయి ముప్పది పూసలకు, అమ్మాయి అఱువదికి వచ్చిరి. నాకు పదునెనిమిది. తోక మనవైపు నుంచి నూట యెనిమిది పూసలు నిలిపినవారికే తరువాతి పాఠము.

ఆ పాఠము ప్రక్కవాటు, ఆపై ముఖవాటు. హెలికాప్టరు ముఖము మనవైపు త్రిప్పగానే కుడి యెడమలు తాఱుమాఱగును. అద్దములో చూచి పాపిట తీయబోయిన దువ్వెన వేఱొక ప్రక్కకు పోవునట్లు చేతికి భ్రాంతి కలుగును. చాలమంది ఈ మెట్టు దగ్గఱనే విసిగి మానుదురట. దీనికి కంప్యూటరులో నొక సాధనమున్నది, సిమ్యులేటరు అందురు. నిజమైన రిమోటునే కంప్యూటరునకు తగిలించి తెరపై హెలికాప్టరును నడుపుట. ఎన్నిసార్లు కూల్చినను రెక్క కొననక్కఱలేదు. పెద్ద హెలికాప్టరు పట్టవలెననుకొనువారికి ఇది విలాసము కాదు, అవసరము.

బ్యాటరీని గూర్చి మఱింత వివరముగా చెప్పెదను. ఏలయనగా రెక్కకంటెను ఇదియే యింటికి పెద్ద అపాయము. ఈ బొమ్మలలో నుండునవి లిథియం పాలిమరు బ్యాటరీలు. ఒక్కొక్క గడి సాధారణముగా 3.7 వోల్టులది. నిండినప్పుడు 4.2 వోల్టులు, అంతకు మించి ఎక్కించిన అంటుకొని మండవచ్చును. 3 వోల్టులకు తక్కువగా దింపిన పాడగును. కావున దానికై యిచ్చిన ఛార్జరుతోనే ఎక్కించవలెను. సెల్‌ఫోను తీగలతో ప్రయోగములు కూడదు. ఎగిరి దిగగానే వేడిగా నుండును; చల్లాఱిన పిదపనే మరల ఎక్కించవలెను. మంచముపైనను, పఱుపుపైనను, కిటికీతెర ప్రక్కనను పెట్టి ఎక్కించరాదు. మా యింట వంటగదికి దూరముగా, వట్టి గచ్చుపై, మట్టి మూకుడులో పెట్టి ఎక్కించుదుము. ఎవరో యొకరము అక్కడనే యుందుము. పొయ్యిపై పాలు పెట్టి పేరంటమునకు పోము గదా! రాత్రి పెట్టి నిద్రించుట అంతకన్న తప్పు. బ్యాటరీ పూరీ వలె ఉబ్బినదా, ఇక దానిని వాడరాదు. మేకుతో పొడిచి చూతమని పిల్లలకు కుతూహలము పుట్టును; పొడిచినచో మంట. కొనలకు టేపు చుట్టి, పాత ఎలక్ట్రానికు సామాను తీసికొనువారికి ఇచ్చివేయవలెను. పరీక్షల కాలమున నెలల తరబడి ఆట మానినప్పుడు నిండుగాను వట్టిగాను గాక, గడికి 3.8 వోల్టుల చుట్టున, సగము నింపి చల్లని చోట నుంచవలెను. ఇట్లు దాచినదే మాకు రెండవ యేడు కూడ పనికివచ్చినది.

ఆరుబయట సంగతి. 40 గ్రాముల బొమ్మకు ఆకాశము తగదు. మా ఊర ప్రొద్దెక్కగానే సముద్రపు గాలి మొదలగును; ఆ గాలికి అది గాలిపటము కంటె వేగముగా పొరుగింటి కొబ్బరిచెట్టు చేరును. తెల్లవాఱుజామున ఆకు కదలనప్పుడు మాత్రమే డాబాపై కాక, నేలపై, ఖాళీ స్థలమున ఎగురవేయవచ్చును. డాబా పనికిరాదు, హెలికాప్టరును చూచుచు వెనుకకు నడచు పిల్లవానికి పిట్టగోడ కనబడదు. విద్యుత్తు తీగలున్న వీధియు, తిరునాళ్లును, పెండ్లిపందిళ్లును అసలే కూడవు. తీగపై చిక్కిన బొమ్మకై కఱ్ఱ పట్టి యెక్కుట ప్రాణాపాయము. బొమ్మ పోయినదని నీళ్లు వదలుకొనవలెను.

ప్రభుత్వపు కట్టుబాట్లును కలవు. 2021 ఆగస్టులో ప్రకటింపబడిన డ్రోను నియమములు నాలుగు రెక్కల డ్రోనులకే గాక మనిషి యెక్కని హెలికాప్టర్లకును వర్తించును. 250 గ్రాములకు మించనివి అన్నిటికంటె చిన్న తరగతి. వానిని నడుపుటకు లైసెన్సు అక్కఱలేదు. 2 కిలోగ్రాముల వఱకు గలవానిని కూడ వ్యాపారమునకు గాక వినోదమునకై నడుపువారికి లైసెన్సు అడుగరు. కాని ప్రదేశముల నియమము అందఱికిని ఉన్నది. దేశపటమును ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగా విభజించిరి. ఎఱుపు మండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేక ఎగురవేయరాదు. విమానాశ్రయముల చుట్టు కొన్ని కిలోమీటర్ల మేర కట్టడి యున్నది. మా ఊర ఓడరేవును, తీరరక్షక దళమువారి స్థావరమును కలవు గనుక ఇంటి గడప దాటకముందే పటము చూచికొనుట మా యలవాటు. పెద్దలు ఊరికి వచ్చు దినములలో పోలీసువారు ఎగురు వస్తువుల నన్నిటిని నిషేధించుటయు కలదు.

మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. హెలికాప్టరెందుకు, నాలుగు రెక్కల డ్రోను కొనరాదా యని నన్ను పలువు రడిగిరి. డ్రోను తనంత తాను నిలుచును. కెమెరా తగిలించుకొని పొరుగువారి పెరటిలోనికి తొంగిచూచును కూడ. హెలికాప్టరునకు ప్రతి క్షణమును చేయి కావలెను. పిల్లలకు ఆ చేతిపనియే నేర్పవలెనని నా కోరిక. డ్రోను నచ్చినవారితో నాకు తగవు లేదు.

గడచిన సంక్రాంతికి మరిది మరల వచ్చెను. ఈమాఱు పెట్టె దింపుమని అడుగలేదు. రెండవ రకపు హెలికాప్టరు నొకదానిని, తోకకు రెక్క కలదానిని, పిల్లలకు తెచ్చి యిచ్చెను. ఊరిలో మా మామగారి పొలమున కోత లయినవి. వరిదుబ్బులు దున్ని చదును చేసిన మడిలో తెల్లవాఱు వెలుగులో దానిని ఎగురవేసిరి. అబ్బాయి దానిని గట్టుపై దింపబోయి బురదలో దింపెను. అమ్మాయి మాత్రము పినతండ్రికి తోక చూపి, ప్రక్క చూపి, ముఖము చూపి, పది అడుగుల దూరమున నెమ్మదిగా దింపినది. మరిది ఏమియు అనక నావైపు చూచెను.

పోవునప్పుడు వెదురుపుల్లలు రెండు అడ్డముగా కట్టి, నాలుగు కొనలకు పింగ్‌పాంగ్ బంతులు గ్రుచ్చి ఇచ్చిపోయెను. పెద్ద హెలికాప్టరు కాళ్లకు దీనిని కట్టిన దిగునప్పుడు ఒరిగి పడదట. అది మా వంటింటి అలమారలో చింతపండు జాడీ ప్రక్క నున్నది. ఆయన పెట్టిన నిబంధన యొక్కటే: తోక గల చిన్నదానిని ముఖము మనవైపు నుంచి అమ్మమాల పూర్తిగా తిరుగువఱకు నిలిపిననాడు బీరువాపై పెట్టె దిగును. అత్తగారిని వాడు "అమ్మ" యనును గనుక ఆ పేరు. పిల్లలు ప్రతి ఆదివారము ఉదయమున కూర్చుందురు. అత్తగారు లెక్క పట్టుదురు. మొన్నటి ఆదివారమునకు అబ్బాయి నలుబదిరెండు పూసలు, అమ్మాయి తొంబదియైదు.